కొమ్ము పిడి పిస్తోలు

నేను పని మానేసి మూడేళ్ళయింది. అయినా వారానికి ఒక ఫోనన్నా వస్తుంది. "మేస్త్రి గారూ, నాకు కొత్తగా లైసెన్సు వచ్చిందండి. చవకలో దొరికితే ఒక పిస్తోలు తీసుకున్నాను. ట్రిగ్గరు కాస్త గట్టిగా ఉంది. తేలిక చేయించుకోవచ్చా?" అంటారు. ఆ వెంటనే ఒక వీడియో పంపిస్తారు. అందులో ఎవరివో రెండు చేతులు ఆ పని చేస్తూ కనిపిస్తాయి, ముఖం కనిపించదు. వెనక పాట కూడా వస్తుంటుంది. నేను చెయ్యను, చేసేవాళ్ళ పేరు కూడా చెప్పను అని పెట్టేస్తాను. ముసలాయనకి పొగరు అనుకుంటారు. అనుకోనీ. ఎందుకు చెయ్యనో ఫోనులో చెప్పేంత చిన్న సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అడిగేవాళ్ళంతా దీన్ని చదువుకుంటే నాకు ఫోనుల బాధన్నా తప్పుతుంది.

మాది పర్చూరు పక్క పల్లె. మా నాన్న పొగాకు కాల్చే బేరన్ల దగ్గర, పత్తి చేలల్లో కూలి చేసినవాడు. చర్చిలో పాటలన్నీ నోటికి వచ్చు గానీ అక్షరం ముక్క రాదు. ఎక్కడ కాగితం పెట్టినా ఎడమ బొటనవేలు చాపేవాడు. నేను నాలుగో తరగతిలో నా పేరు రాసి చూపిస్తే, ఆ పలక పట్టుకుని మా పేటలో ఇంటింటికీ తిరిగి, "మావాడు సంతకం పెడతన్నాడు చూడండి" అని చూపించి వచ్చాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో చివరికి మీకే అర్థమవుతుంది.

ఫిట్టరు పని నేర్చుకుని గుంటూరులో ఒక తుపాకుల దుకాణంలో చేరాను. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన దుకాణం. లైసెన్సు ఉన్నవాళ్ళకి తుపాకులూ తూటాలూ అమ్మడం, రిపేర్లు చెయ్యడం, ఎన్నికలప్పుడు జనం అప్పజెప్పిన ఆయుధాలు దాచిపెట్టి, అవయ్యాక తిరిగి ఇవ్వడం మా పని. మిర్చి వ్యాపారులు, కోల్డు స్టోరేజీల వాళ్ళు, పత్తి మిల్లుల వాళ్ళు, కొందరు పెద్ద రైతులు, మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళు మా ఖాతాదార్లు. తుపాకుల దుకాణం అంటే ఏదో భయంకరంగా ఊహించుకోకండి. మిర్చి సీజనులో వచ్చేవాళ్ళ బట్టల ఘాటుకి రోజంతా తుమ్ముకుంటూ ఆకురాయి పెట్టి రుద్దుకునే పని అది.

నాకు పని నేర్పిన పెద్దమేస్త్రి సాయిబు. చేయి ఎంత మెత్తనో నోరు అంత గరుకు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఆకురాయి పట్టడం కాదు, ఒక మాట. ఎవరి తుపాకీ చేతికి వచ్చినా ముందు తూటాలుండే మ్యాగజైను తియ్యాలి. పైన జారే భాగాన్ని వెనక్కి లాగి, తూటా కూర్చునే గదిలోకి కంటితో చూడాలి. ఆ తర్వాత అందులోకి చిటికెన వేలు పెట్టాలి. వేలికి ఏమీ తగలకపోతే అప్పుడు పైకి, పక్కవాడికి వినపడేలా "ఖాళీ" అనాలి. అంతటితో అయిపోలేదు. పక్కనున్నవాడు లేచి వచ్చి, తనూ చూసి, తనూ వేలు పెట్టి "ఖాళీ" అనాలి. ఇద్దరూ అన్నాకే ఆ తుపాకీ బల్ల మీద పడుకోవాలి.

"మ్యాగజైను తీస్తే ఖాళీ అయిపోలేదురా. గదిలో ఒకటి కూర్చుని ఉంటది. దాని సంగతి మ్యాగజైనుకి తెలవదు" అనేవాడు. "కన్ను చూసింది గదా అని నమ్మమాక. వేలు పెట్టు."

పక్కన ఉండి రెండోసారి ఖాళీ అనవలసిన మనిషి మా గుమాస్తా. పురోహితుల ఇంట పుట్టినాయన. వాళ్ళ నాన్న చీరాల వైపు ఒక గుళ్ళో పూజారి. ఈయనకి మంత్రాలు వచ్చినా, మనసు మాత్రం కలం మీద. మేమంతా పంతులుగారూ అనే పిలిచేవాళ్ళం. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. దుకాణంలో రిజిస్టర్లన్నీ ఆయన చేతిరాతే. తనిఖీకి వచ్చిన అధికారులు లోపల తప్పులు వెతకడం మానేసి ఆ రాత చూస్తూ కూర్చోవడం నేను చూశాను. ఊళ్ళో పెళ్ళిళ్ళంటే శుభలేఖల కవర్ల మీద పేర్లు ఆయన చేతే రాయించుకునేవాళ్ళు. బళ్ళ నుంచి సర్టిఫికెట్ల కట్టలు వచ్చేవి. ఎవరు అడిగినా కాదనేవాడు కాదు. రాయడం ఆయనకి పని కాదు, ఇష్టం.

పెద్దమేస్త్రి ఉన్నంతకాలం పంతులుగారు ప్రతిసారీ కుర్చీలోంచి లేచి వచ్చి, పంచె సర్దుకుని, వేలు పెట్టి చూసి ఖాళీ అనేవారు. పెద్దమేస్త్రి పోయాక, ఆ స్థానంలోకి నేను వచ్చాక, ఇద్దరం మెల్లగా చెడిపోయాం. నేను చూసి అంటున్నాను కదా అని ఆయన కుర్చీలోంచే ఖాళీ అనడం మొదలుపెట్టారు. ఆయన ఎలాగూ అంటారు కదా అని నేనూ ఒక్కోసారి వేలు మానేసి కంటితో సరిపెట్టుకున్నాను. ఒకసారి ఆయనే నవ్వుతూ, "మీ చర్చిలో అయ్యగారి ప్రార్థన ముగియకముందే ఆమేన్ అంటారు చూడు, మన ఖాళీ కూడా అలాగే తయారైందయ్యా" అన్నారు. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వాల్సింది కాదు.

ఇక పిస్తోలు సంగతి. పర్చూరు దారిలో చిన్న జిన్నింగు మిల్లు ఉన్నాయన ఒకరు మా ఖాతాదారు. పత్తి నుంచి గింజ తీసే మిల్లది, పెద్దది కాదు. మనిషి మంచివాడు, కాస్త డాబు. లైసెన్సు కోసం ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, వచ్చాక చూస్తే విదేశీ పిస్తోళ్ళ ధరలు ఆయన మిల్లు ధరకి దగ్గరగా ఉన్నాయి. చివరికి ఎవరో చనిపోయిన లైసెన్సుదారుడి ఇంటివాళ్ళు అమ్ముకుంటున్న పాత దేశవాళీ పిస్తోలు చవకలో తీసుకున్నారు. ముప్ఫై రెండు బోరుది. నలుపు రంగు పోయి తెల్లబడింది. పిడికి ఉన్న ప్లాస్టిక్ పలకలు ఒకవైపు పగిలితే ముందాయన టేపు చుట్టి వాడాడు. దాన్ని మొదటిసారి మా కౌంటరు మీద పెట్టినప్పుడు పక్కనున్న మిర్చి వ్యాపారి, "ఏందండీ ఇది, తాళంకప్ప తెచ్చారా రిపేరుకి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వారు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వ్యాపారి వెళ్ళాక నా దగ్గరికి వంగి, "మేస్త్రీ, దీన్ని మనం మనిషిని చెయ్యాలి" అన్నారు.

అక్కడి నుంచి మొదలైంది. ముందు రంగు వేశాం. ముందువైపు గురి చూసే ముక్క మీద తెల్ల చుక్క పెట్టాను. గుంటూరులో చెప్పులు కుట్టే ఆయన చేత తోలు సంచీ కుట్టించారు. ఒక్కోటి అయినప్పుడల్లా ఆయన ముఖంలో ఒక వెలుగు. తర్వాత పిడి దగ్గరికి వచ్చాం. టేకు వెయ్యనా, ఇత్తడి వెయ్యనా అని అడిగితే, "అవి అందరికీ ఉంటాయి. ఎవరికీ లేనిది చెప్పు" అన్నారు. గేదె కొమ్ముతో చేద్దామన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు.

కొమ్ము పని అంటే మాటలు కాదు. వేడిచేసి చదును చెయ్యాలి. ఆకురాయి పెడితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చి ఇంటి వెనక కూర్చుని రుద్దేవాణ్ణి. "ప్రభువు దినాన ఈ కంపేంది ఇంట్లో? పక్కింటోళ్ళు ఎవరో పోయారనుకుంటన్నారు" అని మా ఆవిడ గొడవ. నాలుగు కొమ్ములు పగిలాయి. ఐదోది నిలిచింది. కొబ్బరినూనె పెట్టి గుడ్డతో తుడుస్తుంటే నల్లటి కొమ్ములోంచి తేనెరంగు చార ఒకటి బయటికి వచ్చింది. అంత అందమైన వస్తువు నా చేతుల మీదుగా మరొకటి రాలేదు. దాన్ని పిస్తోలుకి బిగించి ఇచ్చిన రోజు మిల్లు ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. పంతులుగారు కలం పక్కన పెట్టి వచ్చి, "ఇది తుపాకీలా లేదయ్యా, గొప్పవాళ్ళ ఇంట్లో భరిణెలా ఉంది" అన్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఈరోజు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

కొన్ని నెలలకి ఆయన మళ్ళీ వచ్చారు. కుడిచేతి చూపుడు వేలు చూపించారు. చిన్నప్పుడు జిన్ను మిషనులో పడి నలిగిన వేలు. కణుపు దగ్గర వంగదు. "ఈ వేలుతో ట్రిగ్గరు లాగలేకపోతన్నా మేస్త్రీ. ఇంత అందం చేసి ఇచ్చావు, దీన్ని నేను కాల్చలేకపోతే ఎట్టా?" అన్నారు.

ట్రిగ్గరు జోలికి పోవద్దని పెద్దమేస్త్రి మాట. ఆయన బతికున్నప్పుడు ఒక పెద్దమనిషి ఇలాగే అడిగితే తుపాకీ తిరిగి ఇచ్చేశాడు. తర్వాత నాతో అన్నాడు: "ట్రిగ్గరుకి ఆ బరువు ఎందుకు పెట్టార్రా? మనిషి మనసు మార్చుకోడానికి. వేలు పెట్టినాక కూడా, వద్దులే అనుకోడానికి కాస్త టైముండాల. అది తీసేస్తే తుపాకీకి జాలి తీసేసినట్టే." ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండే చేశాను.

జాలి వేసిందని చెప్పుకోవచ్చు. సగం నిజమే. మిగతా సగం, నేను చెయ్యగలనా అని నా చేతుల దురద. ఎలా చేశానో రాయను. రాస్తే మళ్ళీ ఆ వీడియోల లాగే అవుతుంది. చేశాక మాత్రం ట్రిగ్గరు వెన్నలా కదిలింది. వేలు ఆనితే చాలు. ఆయన ఆ మొండి వేలుతో ఖాళీ పిస్తోలు టక్కుమనిపించి చిన్నపిల్లాడిలా నవ్వారు.

పంతులుగారు రిపేరు రిజిస్టరు తెరిచి నావైపు చూశారు. "ట్రిగ్గరు సంగతి రాయమంటావా?"

"వద్దులెండి పంతులుగారూ. శుభ్రం చేశాం అని రాయండి."

ఒక్క క్షణం కలం ఆగింది. ఆ తర్వాత ఆ ముత్యాల అక్షరాలతోనే 'శుభ్రపరచడమైనది' అని రాశారు. ఆ పుస్తకంలో ఆయన రాసిన అబద్ధం అదొక్కటే. రాయించింది నేను.

తర్వాత ఎన్నికలు వచ్చాయి. లైసెన్సుదారులంతా ఆయుధాలు అప్పజెప్పాలని ఆర్డరు వచ్చింది. గడువు చివరి రోజు మా దుకాణం మిర్చి యార్డులా ఉంది. దర్శి నుంచి, చిలకలూరిపేట నుంచి జనం వచ్చారు. అందరూ కార్లు రోడ్డు మీద ఆపి వచ్చినవాళ్ళే, అందరికీ తొందరే. నేను కౌంటరు దగ్గర ఒక్కొక్కటీ తీసుకుని చూస్తున్నాను. ఎడమ పక్కన చేయి చాపితే అందేంత దూరంలో పంతులుగారు తల ఎత్తకుండా రసీదులు రాస్తున్నారు. ఖాళీ, ఖాళీ. ఖాళీ, ఖాళీ. మధ్యాహ్నానికి ఆ మాటకి అర్థం పోయి చప్పుడు మాత్రం మిగిలింది.

మిల్లు ఆయన వంతు వచ్చింది. తోలు సంచీలోంచి పిస్తోలు తీసి ఇచ్చారు. అందరూ వంగి చూశారు. నేను మ్యాగజైను తీసి పక్కన పెట్టాను. అందులో తూటాలు ఉన్నాయి. ఉంటాయి, చాలామంది అలాగే తెస్తారు. పై భాగం వెనక్కి లాగాలంటే ఆ పిస్తోలుకి ముందు ట్రిగ్గరుని ఆపే సేఫ్టీ మీట తియ్యాలి. బొటనవేలుతో సేఫ్టీ తీశాను. నోరు దానంతటదే "ఖాళీ" అంది.

పంతులుగారు తల ఎత్తకుండా "ఖాళీ" అన్నారు.

సరిగ్గా అప్పుడే మిల్లు ఆయన వెనక్కి తిరిగి ఎవరినో పిలిచారు. ఆ తాళంకప్ప అన్న మిర్చి వ్యాపారే. "ఇటు రండి బావగారూ, మా తాళంకప్ప చూడండి ఒకసారి. మేస్త్రీ, ఆ కొమ్ము పిడి చూపించవయ్యా ఈయనకి."

చూపించాను. పై భాగం లాగడం మానేసి, తేనెరంగు చార వెలుతురులో కనపడాలని మణికట్టు ఎడమవైపుకి తిప్పాను. నేను నొక్కలేదు. ఈ మాట పోలీసులకి చెప్పాను, కోర్టులో చెప్పాను, దేవుడికి చెప్పుకున్నాను. నొక్కలేదు, వేలు తాకింది. తాకితే చాలని దాన్ని తయారుచేసింది నేనే.

చిన్న గదిలో ఆ చప్పుడుకి చెవులు మూసుకుపోయాయి. అందరూ అరుస్తున్నారు గానీ ఎవరి మాటా వినపడటం లేదు. పంతులుగారు అరవలేదు. రసీదు పుస్తకం మీద ఉన్న తన కుడిచేతిని చూసుకుంటున్నారు. కలం ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది. రసీదు మీద సగం రాసిన పేరు తడిసి ఎర్రబడింది. ఆయన తల ఎత్తి నన్ను చూసి, పెదాలు కదిపారు. వినపడలేదు గానీ ఏమన్నారో తెలిసింది. 'ఖాళీ అన్నావుగా' అన్నారు. తప్పు పట్టినట్టు కూడా కాదు, ఆశ్చర్యపోయినట్టు.

తువ్వాలు చుట్టి, మిల్లు ఆయన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆయన దారి పొడుగునా, "ఊళ్ళో గొడవలుగా ఉన్నాయని పొద్దున లోడు చేశానయ్యా. మర్చిపోయానయ్యా" అని ఏడుస్తూనే ఉన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. చేయి సంగతి అడిగితే, అరచేతిలో ఎముకలూ నరాలూ దెబ్బతిన్నాయి, చూద్దాం అన్నారు.

ఆ సాయంత్రమే మా యజమాని నన్ను లోపలి గదిలోకి పిలిచారు. మనిషి చెడ్డవాడు కాదు. మూడు తరాల దుకాణం. "ఎవరి తప్పూ లేదని రాద్దాం. పాత పిస్తోలు. చెయ్యి జారింది, కౌంటరు మీద పడింది, పేలింది. ట్రిగ్గరు సంగతి బయటికి వచ్చిందంటే దుకాణం మూత. నీ పని పోతుంది. పంతులుగారి పనీ పోతుంది. ఆయన వైద్యం ఎవరు చేయిస్తారు చెప్పు? నేను చేయిస్తా, దుకాణం ఉంటే" అన్నారు. మిల్లు ఆయన కూడా తలూపారు. ఆయనకి లైసెన్సు భయం. నాకు కూతురి నర్సింగు చదువు సగంలో ఉంది. నేను స్టేషనుకి వెళ్ళి, చెయ్యి జారింది అని చెప్పి, రాసిన కాగితం కింద సంతకం పెట్టి వచ్చాను. మా నాన్న పేటంతా చూపించిన సంతకం అది.

రెండు రోజులకి పంతులుగారి వాంగ్మూలం తీసుకోవడానికి ఎస్సై గారు ఆసుపత్రికి వచ్చారు. యజమాని అంతకుముందే పంతులుగారితో మాట్లాడారు. నన్ను కూడా తనతో అక్కడ ఉండమన్నారు. పంతులుగారు ఒరిగి కూర్చున్నారు. కుడిచేయి దిండు మీద, మోచేతి దాకా కట్టుతో ఉంది. వాళ్ళావిడ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"చెప్పండి పంతులుగారూ. పిస్తోలు కింద పడ్డం మీరు చూశారా?" అన్నారు ఎస్సై గారు.

"నేనేమీ చూడలేదండీ. అదే నా తప్పు."

"అదేంటండీ?"

"నేను లేచి వచ్చి, చూసి, వేలు పెట్టి ఖాళీ అనాలి. అది నా డ్యూటీ. చూడకుండా కుర్చీలోంచి అన్నాను. చూసి ఉంటే తూటా కనపడేది. నా చేతికి నేనే చేసుకున్నాను. అంతే రాసుకోండి. మిగతాది చూసినవాళ్ళు చెప్పాలి."

అలా అన్నాక కూడా ఆయన నావైపు చూడలేదు. ట్రిగ్గరు మాట ఎత్తలేదు. పడిందనీ అనలేదు, పడలేదనీ అనలేదు. తనవంతు నిజం చెప్పి, నావంతు నాకు వదిలేశారు. అబద్ధం చెప్పి ఉన్నా, నన్ను పట్టించి ఉన్నా నాకు ఇంత కష్టమయ్యేది కాదు.

కానిస్టేబులు రాసింది చదివి వినిపించాడు. ఎస్సై గారు కలం ఇచ్చారు. "ఎడమచేత్తో ఏదో ఒకటి గీకెయ్యండి పంతులుగారూ, ఫరవాలేదు." ఆయన ఎడమచేత్తో కలం పట్టుకున్నారు. పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టారు. సున్నా చుట్టబోతే గీత ఎటో పోయింది. ఒక్క క్షణం ఆ గీతనే చూశారు. వంకర అక్షరం కింద తన పేరు ఉండటం ఆయన వల్ల కాలేదు. కలం మెల్లగా దుప్పటి మీద పెట్టి, "వేలిముద్ర వేస్తాను లెండి" అన్నారు.

తలుపు దగ్గర ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సిరా పెట్టె నా చేతికే ఇచ్చాడు కానిస్టేబులు, నేను దగ్గరగా ఉన్నానని. నేను పట్టుకున్నాను. ఆయన ఎడమ బొటనవేలు చాపారు. మా నాన్న చాపినట్టే చాపారు. కూలి మస్టరు దగ్గరా, సొసైటీలోనూ, ఆసుపత్రిలోనూ మా నాన్న అలా చాపినప్పుడల్లా సిగ్గుతో తల తిప్పుకునేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ పెళ్ళి కవర్లన్నీ రాసిన మనిషి, అధికారులు కూర్చుని చూసేంత రాత ఉన్న మనిషి, నా చేతిలో ఉన్న సిరాలో వేలు అద్దుతున్నాడు. పక్కనే నేను, కూలివాడి కొడుకుని, అబద్ధం కింద చక్కగా సంతకం పెట్టి వచ్చి నిలబడ్డాను.

వేలు కాగితాన్ని తాకింది.

"సార్, నా కాగితం తప్పు" అన్నాను. "పిస్తోలు పడలేదు. నా చేతిలో పేలింది. నేను చూడకుండా ఖాళీ అన్నాను. ట్రిగ్గరు నేనే తేలిక చేశాను, రిజిస్టరులో వద్దని చెప్పి రాయించలేదు. మళ్ళీ రాసుకోండి."

ఎస్సై గారు నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత, "మొన్నే చెప్పొచ్చుగా. నాకు రెండు పన్లు" అని విసుక్కున్నారు. మా యజమాని గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. పంతులుగారు మాత్రం అప్పుడు నావైపు చూశారు. సిరా అంటిన వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే పైకి పట్టుకుని ఉంటే, నా జేబురుమాలుతో తుడిచాను.

ఆ తర్వాతవన్నీ జరగాల్సినట్టే జరిగాయి. దుకాణంలో రిపేర్లు ఆపించారు. నా మీద కేసు నడిచింది, జరిమానా పడింది. దాదాపు ఏడాది పాటు ఒక కోల్డు స్టోరేజీలో మోటార్లు బాగుచేసుకుంటూ బతికాను. మిల్లు ఆయన లైసెన్సు పోయింది. ఆయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. నా వేలి మీద జాలి చూపించి నన్ను ముంచాడు అని ఎవరితోనో అన్నారట. కాదనను. ఆ పిస్తోలు ఇప్పటికీ ఏదో ప్రభుత్వ గదిలో చీటీ కట్టి ఉంటుంది, తేనెరంగు చారతో సహా. ఆ చార ఒక్కోసారి కలలోకి వస్తుంది.

ఏడాది తిరిగాక దుకాణంలో రిపేర్లకి మళ్ళీ అనుమతి వచ్చింది. యజమాని నన్ను పిలిపించారు. నా మీద ప్రేమతో అని చెప్పను, ఆ పని తెలిసినవాళ్ళు దొరకలేదు. వెళ్ళేసరికి పంతులుగారు ఆ కుర్చీలోనే ఉన్నారు. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో కొత్త రిజిస్టరులో గళ్ళు గీస్తున్నారు. చివర రెండు గళ్ళు ఎక్కువ గీశారు. ఒకదాని పైన 'మొదట చూసినవారు', రెండోదాని పైన 'తర్వాత చూసినవారు' అని రాశారు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లలు రాసినట్టున్నాయి. నన్ను చూసి, "ఏడాది పట్టిందయ్యా ఈ మాత్రానికి. నవ్వకు" అన్నారు. నేను నవ్వలేదు. ఏడ్చాను. కౌంటరు దగ్గర జనం ఉన్నారని కూడా చూసుకోలేదు.

ఆరోజు మొదటి తుపాకీ ఒక రైతుది. నేను చూసి, వేలు పెట్టి, ఖాళీ అన్నాను. పంతులుగారు కుర్చీలోంచి లేచారు. పంచె సర్దుకుని కౌంటరు దగ్గరికి వచ్చి, వంగి చూసి, ఎడమచేతి చిటికెన వేలు పెట్టారు. ఆ వేలు కాసేపు అక్కడే ఉంచి, అప్పుడన్నారు. నేను పని మానేసేవరకూ ఆ మనిషి ఒక్కసారి కూడా కుర్చీలోంచి ఆ మాట అనలేదు.

లైసెన్సు తీసుకున్నవాళ్ళని నేనేమీ అనడం లేదు. చవకదే కొనుక్కోండి, పిడికి కొమ్ము పెట్టించుకుంటారో టేకు పెట్టించుకుంటారో మీ ఇష్టం. ట్రిగ్గరు బరువు మాత్రం అలాగే ఉండనివ్వండి. ఇక నా పనిలో ఉన్నవాళ్ళకి చెప్పేది ఒక్కటే. పక్కవాడు అన్నాడని మీరు అనకండి. మీరు అంటారులే అని పక్కవాణ్ణి అననివ్వకండి. మేమిద్దరం ఒకరినొకరు ఎంత నమ్మామంటే, ఇద్దరం చూడటం మానేశాం.

పంతులుగారు ఇప్పుడు చీరాలలో, వాడరేవుకి పోయే దారిలో కూతురి దగ్గర ఉంటున్నారు. రెండు నెలలకోసారి బస్సెక్కి వెళ్ళి వస్తుంటాను. వాళ్ళావిడ రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ తెస్తారు. ఆయన ఎడమచేత్తో తాగి, గ్లాసు నా ముందు పెట్టి గంభీరంగా "ఖాళీ" అంటారు. నేను వంగి గ్లాసులోకి చూస్తాను. అడుగున కాస్త కాఫీ ఉంటుంది. కావాలనే వదిలేస్తారు.

"లేదండీ పంతులుగారూ, ఇంకో గుక్క ఉంది."

ఆయన నవ్వి, గ్లాసు ఎత్తి ఆ గుక్క తాగేసి మళ్ళీ పెడతారు. నేను మళ్ళీ వంగి చూస్తాను. చూశాకే అంటాను.

"ఖాళీ."